చెరిపిన చోట చుక్కలు

ఆయన్ని అందరూ చుక్కలాయన అనేవాళ్లు. అసలు పేరు ఏదో ఒకటి ఉండే ఉంటుంది గానీ, ఆ వీధిలో ఎవర్నడిగినా ఇదే చెప్పేవాళ్లు. చొక్కాల మీద బొమ్మలు అచ్చువేయడం ఆయన పని. అక్షరాలు, ముద్రలు, పువ్వులు ఎవరైనా వేస్తారు. నలుపు తెలుపు ఫోటోలో ఉన్న మనిషి మొహాన్ని ఉన్నదున్నట్టు ఒక్క నల్ల ఇంకుతో గుడ్డ మీదికి దించాలంటే మాత్రం ఆయన దగ్గరికే రావాలి.

కిటుకంతా చుక్కల్లో ఉంది. బూడిద రంగు కనిపించడానికి బూడిద ఇంకు వాడరు. ఫోటోని చుక్కలుగా విడగొడతారు. నీడ పడ్డచోట పెద్ద చుక్కలు, వెలుతురు ఉన్నచోట సూదిమొనంత చుక్కలు. తెల్లగా ఉండాల్సిన చోట ఏమీ ఉండదు, ఉత్త గుడ్డే. దగ్గరికెళ్లి చూస్తే ఎవరో ఆవాలు ఒలకబోసినట్టుంటుంది. నాలుగడుగులు వెనక్కి వేస్తే అందులోంచి కళ్లు, ముక్కు, పెదవి చివర నవ్వు లేచొస్తాయి.

"మనుషులూ అంతేనండీ, దూరం నుంచే బాగుంటారు" అని వచ్చినవాళ్లతో నవ్వేవాడు.

నవ్వుతాలుకే అన్నా అందులో ఆయన బతుకంతా ఉంది. యాభై ఆరేళ్లు. పెళ్లి చేసుకోలేదు. అమ్మానాన్నా త్వరగా పోతే చెల్లెల్ని తనే పెంచి పెద్దచేసి ఓ ఇంటిదాన్ని చేశాడు. ఆమె దూరపు ఊళ్లో కాపురం ఉంటోంది. రోజూ సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేస్తుంది. "తిన్నావా అన్నయ్యా?" "తిన్నానే." అంతకు మించి పెద్దగా ఏమీ ఉండదు. కానీ ఆ రెండు మాటల కోసం ఆయన మూడున్నర నుంచే ఫోనుని బల్ల మీద ఎదురుగా పెట్టుకునేవాడు.

దుకాణం ఒక పాత భవనం కింద, నేలమాళిగలో ఉండేది. పదకొండు మెట్లు దిగితే పొడవాటి గది. దాని చివర, కిటికీ లేని ఇంకో చిన్న గది. స్క్రీన్లు తయారయ్యేది అక్కడే. స్క్రీనంటే చట్రానికి బిగించిన సన్నటి జాలీ గుడ్డ. దానికి ఎమల్షన్ అనే పచ్చటి జిగురు పూసి చీకట్లో ఆరబెట్టాలి. ఆరాక మీద బొమ్మ అచ్చయిన ప్లాస్టిక్ ఫిల్మ్ పెట్టి బలమైన దీపం వేస్తే, వెలుతురు తగిలిన జిగురంతా రాయిలా బిగుస్తుంది. నల్లచుక్కల చాటునున్నది మెత్తగా ఉండిపోతుంది. నీళ్లు కొడితే అది కరిగిపోయి చుక్కంత కన్నాలు మిగులుతాయి. ఇంకు దిగేది వాటిలోంచే. దెయ్యాలకి రాత్రే కావాలని ఎవరన్నారో గానీ, ఆ గదిలో పగలైనా రాత్రైనా ఒకటే. ఒక పసుపు బల్బు, పుల్లటి జిగురు వాసన, కుళాయి చివర వేలాడే నీటిబొట్టు.

ఒకరోజు నలభై ఏళ్లతను ఒకడు మెట్లు దిగి వచ్చాడు. పెద్ద చదువు, చేతిలో రెండు ఫోన్లు, కూచోవడానికి కూడా తీరిక లేని మనిషి.

"మా అమ్మమ్మ పోయి ఏడాదవుతోందండీ. ఆదివారం కుటుంబం మొత్తం ఒకచోట చేరుతున్నాం. అందరం అమ్మమ్మ బొమ్మున్న చొక్కాలు వేసుకోవాలని అనుకున్నాం. ముప్ఫై కావాలి" అన్నాడు.

ఫోన్లో ఫోటో చూపించాడు. ఆమె సొరుగులో అడుగున దొరికిందట. ఏ అరవయ్యేళ్ల కిందటిదో. చెక్క బల్ల మీద ఒక ముప్ఫై ఏళ్లావిడ నవ్వుతూ కూచునుంది. ఆవిడ పక్కన, బల్లకి ఆ చివర, ఇంకో ఆవిడ. బక్కపల్చటి మొహం. నవ్వడం లేదు. నవ్వుతున్నావిడ భుజం మీద చెయ్యి వేసి ఉంది.

"ఈ పక్కావిడ అక్కర్లేదు. తీసెయ్యండి."

"ఎవరండీ ఈవిడ?"

"నేనెప్పుడూ చూళ్లేదు. అమ్మమ్మ వాళ్లక్క ఒకావిడ ఉండేదట, ఆవిడే అయ్యుండాలి. పెళ్లీ గిళ్లీ లేదు. వీళ్లందర్నీ పెంచింది ఆవిడేనంటారు. చివరికి వెనకగదిలో పోయిందట పాపం, రెండ్రోజుల దాకా ఇంట్లో ఎవరూ చూసుకోలేదట. అందుకే ఆవిడ ఊసెత్తితే మా అమ్మ మొహం మాడిపోతుంది." అతను గడియారం చూసుకున్నాడు. "బొమ్మలో ఇద్దరుంటే పిల్లలు ఆవిడెవరని అడిగి చంపుతారు. ఎవరు చెప్పేది? తీసెయ్యండి."

చుక్కలాయనకి ఆ మాట ఎందుకో నచ్చలేదు. అయినా గిరాకీ చెప్పినట్టు చేయడమే పని. సరేనన్నాడు.

మర్నాడు సెలవు. పైన దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. పొద్దున్నుంచీ వాన. భవనం మొత్తానికి ఆయన ఒక్కడే. కంప్యూటర్ ముందు కూచుని పక్కావిడని చెరపడం మొదలుపెట్టాడు. మొహం, జుట్టు, ఒళ్లో పెట్టుకున్న రెండో చెయ్యి, అన్నీ సులువుగానే పోయాయి. ఆ జాగా అంతా తెల్లగా వదిలేశాడు. చిక్కంతా భుజం మీదున్న చేతి దగ్గరే వచ్చింది. నాలుగు వేళ్లు. ఒక్కొక్కటే చెరిపి, చీర మడతలు మళ్లీ గీసి అతికించాడు. చిటికెనవేలు దగ్గర మాత్రం మూడుసార్లు చెరపాల్సి వచ్చింది. చెరిపినట్టే ఉండేది, కళ్లు తిప్పి చూస్తే నీడ మిగిలేది.

ఫిల్మ్ తీశాడు. చీకటిగదిలో స్క్రీను మీద పెట్టి దీపం వేశాడు. తర్వాత తొట్టిలో నిలబెట్టి నీళ్లు కొట్టాడు. పచ్చటి జిగురు కరుగుతుంటే అమ్మమ్మ మొహం చుక్కచుక్కగా తెరుచుకుంది. ఏ పని బాగా వచ్చినా ఆ క్షణం ఆయనకి హాయిగా ఉండేది.

అప్పుడు చూశాడు. పక్కన తెల్లగా వదిలిన చోట కూడా జిగురు కరుగుతోంది.

అక్కడ ఫిల్మ్ మీద ఒక్క చుక్క లేదు. వెలుతురు పూర్తిగా పడింది. రాయిలా బిగిసి ఉండాలి. కానీ సన్నటి కన్నాలు... ఒకటి, పది, వంద... వానచినుకులు ఇసుకలో పడ్డట్టు.

'దుమ్ము పడుంటుంది' అనుకున్నాడు. దుమ్ము పడితే కన్నాలు పడటం మామూలే. కుంచెతో జిగురు అద్ది అన్నీ పూడ్చేసి, మళ్లీ దీపం వేసి గట్టిపరిచాడు. వేలితో తట్టి చూసుకున్నాడు. గట్టిగానే ఉంది.

మొదటి చొక్కా పలక మీదికి తొడిగి, స్క్రీను దించి, ఇంకు పోసి రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగాడు. పైకెత్తి నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. అమ్మమ్మ చక్కగా వచ్చింది. పక్కన మాత్రం ఏదో మాసినట్టు మరక. చుక్కల వరసా జాలీ దారాల వరసా ఒకదాన్నొకటి కొట్టుకుంటే ఇలా అలలు తేలుతుంటాయి, కొత్తేం కాదు. ఆ చోటంతా స్క్రీనుకి అడుగున మందపాటి టేపు అంటించేశాడు, ఇంకు దిగే దారే లేకుండా.

ఇక వరసగా వేసుకుపోయాడు. వేసినదాన్నల్లా వేడిగాలి కింద ఆరబెట్టి తీగ మీద తగిలించడం, ఇంకోటి అందుకోవడం. ఎనిమిది చొక్కాలయ్యేసరికి నాలుగైంది. ఫోన్ మోగింది. చేతులకి ఇంకు ఉండటంతో మోచేత్తో స్పీకరు నొక్కాడు.

"తిన్నావా అన్నయ్యా?"

"తిన్నానే. ఇక్కడ వాన. మీకూ పడుతోందా?"

"ఆఁ? ఏమన్నావ్?"

"వానే... వాన పడుతోందా అంటున్నా."

"అబ్బా, ఒకరు ఆగి ఒకరు మాట్లాడండి అన్నయ్యా. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే నాకెలా వినపడుతుంది?"

ఆయన చేతిలో రబ్బరు పట్టీ ఆగిపోయింది.

"ఇక్కడ... నేనొక్కణ్నేనే."

"పోన్లే, చెప్పకపోతే మానె" అంది చెల్లెలు, కాస్త సంతోషంగానే. "ఎవరో ఒకరు తోడున్నారు, అదే చాలు. ఉంటా."

ఫోన్ పెట్టేసింది. పైన రోడ్డు మీద వాన చప్పుడు. చీకటిగదిలో కుళాయి బొట్టు. ఆ రెండూ తప్ప ఏమీ లేదు. ఆయన మెల్లగా తీగ వైపు తిరిగాడు.

అంత దగ్గర్నుంచి చుక్కలే కనిపించాయి. ఆవాలు ఒలకబోసినట్టు. కానీ చుక్కలు ఉండకూడని చోట కూడా ఉన్నాయి. వంగి స్క్రీను అడుగున చూశాడు. టేపు అంటించింది అంటించినట్టే ఉంది. దాని మీద ఇంకు తడి కూడా లేదు.

ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండు.

మొదటి చొక్కా మీద మరక... మరక కాదు. భుజం వంపు. రెండోదాని మీద మెడ. నాలుగోదాని మీద తల.

మూడో అడుగు.

ఆరోదాని మీద బక్కపల్చటి మొహం. ఫోటోలో కెమెరాని చూసిన కళ్లు ఇప్పుడు పక్కనున్న అమ్మమ్మని చూస్తున్నాయి. ఏడోదాని మీద ఆ మొహం సగం తిరిగింది.

ఎనిమిదోది సరిగ్గా తేలలేదు. ఇంకా చుక్కలుగానే ఉంది. దాన్ని చూడాలంటే ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి. వెళ్లకుండా ఉండాల్సింది. కానీ ముప్ఫై ఏళ్ల అలవాటు, కాళ్లు వాటంతటవే కదిలాయి.

నాలుగో అడుగు.

ఐదో అడుగుకి వీపుకి గోడ తగలాలి. ఆ గది ఆయనకి కళ్లు మూసుకున్నా తెలుసు.

తగల్లేదు.

ఆరు...

వీపుకి మెత్తగా ఏదో ఆనింది. చల్లగా. నీళ్లలోంచి తీసి పిండని బట్టలా. అందులోంచి పుల్లటి జిగురు వాసన.

ఎదురుగా ఎనిమిదో చొక్కా మీద కళ్లు తేలాయి. అవి అమ్మమ్మని చూడటం లేదు. తనని కూడా చూడటం లేదు. తన భుజం పక్కగా, వెనక్కి చూస్తున్నాయి.

కుడి భుజం మీద ఒక వేలు ఆనింది. తర్వాత రెండోది. మూడోది.

చిటికెనవేలు అన్నిటికన్నా ఆలస్యంగా ఆనింది.

"ఎవరు..." అన్నాడు.

చెవి దగ్గర ఊపిరి లేదు. మాట మాత్రం ఉంది. పొడిగా, గుడ్డ మీద గోరు గీసినట్టు.

"నన్నూ..."

"వేస్తానమ్మా" అన్నాడు గొణుగుతూ. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "మిమ్మల్నీ వేస్తాను. తప్పయింది... వేస్తాను."

భుజం మీద బరువు ఒక్కొక్క వేలే లేచింది. కాళ్లు తేలిక కాగానే ఆయన వెనక్కి చూడకుండా మెట్లవైపు పరిగెత్తాడు. పదకొండు మెట్లు ఎలా ఎక్కాడో ఆయనకే తెలీదు.

పైన మూసిన దుకాణాల చూరు కింద చతికిలపడ్డాడు. వానజల్లు మొహానికి కొడుతోంది. వీధిలో పిల్లి కూడా లేదు. పరిగెత్తాడు గానీ, ఎక్కడికి? తనుండే గదికి వెళ్లినా ఒక్కడే, ఇక్కడున్నా ఒక్కడే. చెల్లెలికి ఫోన్ చేద్దామని పేరు దాకా వెళ్లి ఆగిపోయాడు. ఏమని చెప్తాడు? ఎవరో తోడున్నారని పాపం సంతోషపడి పెట్టేసింది.

కాసేపటికి భయం అడుగునుంచి ఇంకోటి పైకి వచ్చింది. ఆ వెనకగది. ఆ రెండ్రోజులు. అందర్నీ పెంచిన మనిషి లోపల పడి ఉంటే, బయట వంటలు వండుకుని, తలుపులు వేసుకుని, నిద్రలు పోయిన మనుషులు. బతికుండగా ఎవరూ చూసుకోలేదు. పోయాక ఫోటోలో బల్ల చివర ఇంత చోటు మిగిలితే, అది కూడా తన చేత్తోనే చెరిపించారు.

'నేను పోతే ఎన్ని రోజులు పడుతుంది?' అనుకున్నాడు. వేళ్లు మడిచి లెక్కేశాడు. మర్నాడు నాలుగింటికి చెల్లెలు చేస్తుంది. ఎత్తకపోతే పనిలో ఉన్నాడనుకుంటుంది. ఆ మర్నాడు చేస్తుంది...

లెక్క ఆపేసి, చొక్కాలు వేయమన్న అమ్మమ్మ మనవడికి ఫోన్ చేశాడు.

"పక్కావిడని తీస్తే బొమ్మ పాడవుతోందండీ. ఇద్దర్నీ ఉంచి వేస్తాను."

"అదేంటండీ, చెప్పాను కదా..."

"నావల్ల కాదు. ఇష్టం లేకపోతే ఇంకెవరి దగ్గరైనా వేయించుకోండి."

అంత గట్టిగా ఆయన ఏ గిరాకీతోనూ మాట్లాడి ఎరగడు. అతను విసుక్కున్నాడు, ఎల్లుండే కదా అని గొణిగాడు, చివరికి మీ ఇష్టం అన్నాడు.

చుక్కలాయన మళ్లీ మెట్లు దిగాడు. ఒక్కో మెట్టు మీదా ఆగి విన్నాడు. కింద అంతా మామూలుగానే ఉంది. తీగ మీద ఎనిమిది చొక్కాలూ వేలాడుతున్నాయి. అమ్మమ్మ పక్కన చోటు తెల్లగా, శుభ్రంగా, ఒక్క చుక్క లేకుండా ఉంది. వాటిని మడిచి మూల పడేశాడు.

కొత్త ఫిల్మ్ తీశాడు, ఇద్దరితో. కొత్త స్క్రీను కట్టాడు. ఇంత సాఫీగా సాగిన పని ఆయన చేతిలో ఇంకోటి లేదు. నీళ్లు తగలగానే జిగురు వెన్నలా కరిగింది. ముప్ఫై చొక్కాల్లో ఒక్కటీ పాడవలేదు. అమ్మమ్మ కన్నా పక్కావిడే బాగా వచ్చింది. దవడ కింద నీడ, కనురెప్పల బరువు, భుజం మీద నాలుగు వేళ్లూ. పని చేస్తూ చేస్తూ తనకి తెలీకుండానే మాట్లాడటం మొదలుపెట్టాడు. చెల్లెలి చిన్నప్పటి సంగతులు, మొదటిసారి జడ వేయబోయి చిక్కులు వేసిన సంగతి. ఎన్నేళ్లయిందో అంతసేపు ఎవరితోనైనా మాట్లాడి. జవాబు రాలేదు. ఎవరో వింటున్నట్టు మాత్రం ఉంది.

శనివారం మనవడు వచ్చి మూట పట్టుకెళ్లాడు. పైన రెండు చొక్కాలు విప్పి చూసి, "బాగానే ఉందిలెండి" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం చుక్కలాయన తన గదిలో భోంచేసి నడుం వాల్చాడు. ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"చొక్కాలేసింది మీరేనా బాబూ?" ముసలి గొంతు. గుసగుసగా ఉంది. "నేను... మొన్న మీ దగ్గరికొచ్చాడే, వాళ్లమ్మని."

"చెప్పండమ్మా. బాగా వచ్చాయా?"

"మా అమ్మ అచ్చం ఉన్నట్టే ఉంది బాబూ. చూడగానే కళ్లనీళ్లు తిరిగాయి."

"మీ పెద్దమ్మగారు కూడా బాగా వచ్చారమ్మా." ఆ మాట చెప్పడానికే ఆయన రెండ్రోజులుగా ఎదురుచూస్తున్నాడు. "తీసెయ్యమన్నారు గానీ, నాకు మనసొప్పలేదు."

"అదే అడుగుదామని చేశాను. అది మా పెద్దమ్మ కాదు బాబూ."

"కాదా?"

"మా పెద్దమ్మ గుండ్రంగా, బొద్దుగా ఉండేది. ఈమెని నేనెప్పుడూ చూళ్లేదు. ఆ ఫోటో తీసిన రోజు నేనక్కడే ఉన్నాను, పదేళ్ల పిల్లని. ఆ బల్ల మీద మా అమ్మ ఒక్కతే కూచుంది. ఫోటో తీసిందే మా పెద్దమ్మ."

చుక్కలాయన లేచి కూచున్నాడు.

"అమ్మా... చొక్కాలు ఎక్కడున్నాయి?"

"అందరూ తొడుక్కున్నారు. చంటిపిల్లలకి కూడా తొడిగారు. నాదే మడతపెట్టి ఉంది."

"మీరెందుకమ్మా అంత మెల్లగా మాట్లాడుతున్నారు?"

"గదిలో ఉన్నాను బాబూ. తలుపు సందులోంచి చూస్తున్నా." గొంతు ఇంకా సన్నబడింది. "హాల్లో అందరూ వరసగా నిలబడి ఫోటో దిగుతున్నారు. రెండుసార్లు లెక్కపెట్టాను. ఇంట్లోవాళ్లందరూ వరసలోనే ఉన్నారు. నేనొక్కదాన్నే ఇక్కడున్నా. బయటవాళ్లెవరూ రాలేదు. మరి తీస్తున్నదెవరు?"

"తలుపు వేసుకోండమ్మా..."

ఫోన్లో తలుపు కిర్రుమంది. ముసలావిడ మళ్లీ మాట్లాడలేదు. దూరంగా పిల్లల కిలకిల. తర్వాత ఒక ఆడగొంతు, తాపీగా, ఇంటి మనిషి పిలిచినట్టు:

"మీరూ రండి. మీరొక్కరే తక్కువ."

బట్ట మడత విప్పుతున్న చప్పుడు. ఎవరో ఫోన్‌ని మెల్లగా బల్ల మీద బోర్లా పెట్టారు. లైను మాత్రం తెగలేదు.

"ఒకటి..." అంది ఆ గొంతు.

నవ్వులు ఆగిపోయాయి.

"రెండు..."

చుక్కలాయన ఫోను చెవికి అదుముకుని అలాగే కూచున్నాడు. కిటికీలో వెలుతురు పోయి, గది మసకబారి, చెల్లెలి ఫోన్ వేళ కూడా దాటిపోయింది. లైను ఇంకా తెగలేదు. మూడు అని మాత్రం ఎవరూ అనలేదు.